పొంగిన కేకు

ఎనభై ఒకటో సంవత్సరం డిసెంబరులో మా అమ్మ మొట్టమొదటిసారి ఎవరి తోడూ లేకుండా ఆసుపత్రికి వెళ్లి, డాక్టరుతో హిందీలో మాట్లాడి వచ్చింది.

అంతవరకూ ఆ పని నాది. టాటానగర్ రైల్వే క్వార్టర్లలో పన్నెండేళ్లుగా కాపురం చేస్తున్నా మా అమ్మ దాలమ్మ హిందీ మా గుమ్మం దాటి పెద్దగా ముందుకు పోలేదు. కూరలవాడితో బేరం, పాలవాడితో నీళ్ల పంచాయితీ, కుళాయి దగ్గర తగువు, అంతే. అంతకు మించి ఏ పని పడినా నన్ను వెంటబెట్టుకుని వెళ్లేది. ఆ రోజు నాకు స్కూల్లో లెక్కల పరీక్ష. నాన్నకి లోకోషెడ్డులో డ్యూటీ. ఇక చేసేదేముంది, చెల్లిని చంకనేసుకుని ఒక్కతే బయల్దేరింది.

చెల్లి పేరు చిన్నమ్మి. ఆరేళ్లు నిండినా చూసినవాళ్లు నాలుగంటే నమ్మేవాళ్లు. కాళ్లూ చేతులూ పుల్లలు, పొట్ట ఒక్కటే ముందుకొచ్చి ఉండేది. ఏది తిన్నా కడుపులో నిలిచేది కాదు. రెండు నెలలుగా వారానికి రెండు ఇంజెక్షన్లు పొడిపించుకుంటోంది. ఆసుపత్రి గేటు కనబడగానే అది పెట్టే కేకలకి రిక్షావాడు కూడా మొహం తిప్పుకునేవాడు.

నేను పరీక్ష రాసి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఎండలో కూర్చుని ఉంది. మొహం చూస్తే పరీక్ష పాసైంది నేను కాదు, ఆవిడే అన్నట్టుంది.

"ఓలే పైడీ, అంతా నానే మాటాడీసినాను. నువ్వు లేకపోతే నా పనవదనుకున్నావేటి?"

"ఏటన్నాడమ్మా డాక్టరు?"

"దీనికి గోదుమ పడదంట. అదీ జబ్బు. రొట్టి బందు, మైదా బందు, పావురొట్టి, బిస్కట్టు అన్నీ బందు. బియ్యం ఎంతైనా ఎట్టొచ్చంట." అక్కడ గొంతు తగ్గించింది. "గోదుమ ఒక్క ముక్క నోట పడినా మల్లీ మొదటికే వత్తాదంట. ఇంక బరువు తగ్గిందంటే పిల్ల మనకి దక్కదన్నాడు."

మేమిద్దరం చెల్లి వంక చూశాం. అది మెట్టు మీద కూర్చుని చలికి ముడుచుకుపోయి నవ్వుతోంది. ఎందుకు నవ్వుతోందంటే, అమ్మ తెచ్చిన కబుర్లలో దానికి కావలసింది ఇంకోటి ఉంది.

"సూదులు కూడా బందు సేసినాడు" అంది అమ్మ.

చెల్లి ఆ సాయంత్రం లైనులో పద్దెనిమిది క్వార్టర్లకీ వెళ్లి "సూయీ బంద్, సూయీ బంద్" అని చాటింపు వేసి వచ్చింది. ఒంట్లో ఓపిక లేని పిల్లకి ఆ నడక ఎక్కడి నుంచి వచ్చిందో మరి.

అమ్మ మాట మీద నిలబడే మనిషి. ఆ రాత్రికే గోధుమపిండి డబ్బా, చపాతీ పీట పక్కింటి వాళ్లకి ఇచ్చేసింది. చిన్నమ్మి ఎదురుగా ఎవరు రొట్టె తిన్నా దాని నోరు ఊరుతుందని మా ఇంట్లో అందరికీ అన్నమే అంది. నాన్న తవిటయ్య ఫిట్టరు. మధ్యాహ్నం చపాతీలు తిని ఇంజను కింద దూరే అలవాటు ఆయనది. అన్నం తిని దూరితే ఇంజను కిందే నిద్రపోతున్నానని, ఏదో ఒక రోజు తనని మరిచిపోయి బండి తోలేస్తారని గోల పెట్టేవాడు. గోల పెట్టాడే గాని మళ్లీ చపాతీ అడగలేదు.

క్రిస్మస్ వచ్చింది. మా లైను చివర క్వార్టరులో ఒక ఆంగ్లో-ఇండియన్ గార్డుగారు ఉండేవారు. ఆయన భార్యని మేమంతా మేమాంటీ అనేవాళ్లం. ఆవిడ అసలు పేరు నాకు ఇప్పటికీ తెలియదు. ఏటా ఆ రోజు లైనంతటికీ కేకు ముక్కలు పంచేది. మా ఇంటికీ వచ్చింది ప్లేటు. అమ్మ చూసే లోపలే చెల్లి ఒక ముక్క పెదాల దాకా తీసుకెళ్లిపోయింది. అమ్మ ఒక్క అంగలో వెళ్లి లాక్కుంది. వేళ్లకి అంటుకున్న పొడి కూడా చీరచెంగుతో తుడిచేసింది.

చెల్లి ఏడవలేదు. "అచ్ఛా" అని ఊరుకుని, తుడిచిన వేళ్లు వాసన చూసుకుంటూ కూర్చుంది.

"అది ఏడిత్తే నాను ఊరుకుందును" అంది అమ్మ ఆ సాయంత్రం నాన్నతో. "ఏడవలేదే. కేకు నాను సేత్తాను దానికి. అరిసెలు బియ్యప్పిండితో వండటం లేదేటి మనం? ఇదో లెక్కా?"

మేమాంటీ దగ్గరకి నన్ను తీసుకుని వెళ్లి విద్య నేర్చుకుంది. ఓవెన్ అక్కర్లేదని ఆవిడ చెప్పింది. పెద్ద డేకిసాలో ఇసక పోసి, బొగ్గుల పొయ్యి మీద కాచి, ఆ ఇసకలో కేకు గిన్నె దించి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేస్తే సరిపోతుందట. ఇసక సంగతి నాన్న చూసుకున్నాడు. పట్టాల మీద ఇంజను చక్రాలు జారకుండా చల్లడానికి షెడ్డులో ఇసక ఎండబెట్టి ఉంచేవాళ్లు. సన్నటి ఇసక, చేత్తో పట్టుకుంటే జారిపోయేది. ఒక డబ్బాడు తెచ్చి, "ఇంజన్లని నిలబెట్టిన ఇసక ఇది, నీ కేకుని నిలబెట్టదేటి" అన్నాడు.

నిలబెట్టలేదు. మొదటి కేకు ఎంత గట్టిగా వచ్చిందంటే కత్తి దిగలేదు. నాన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వేలితో కొట్టి విని, చక్రాలని తనిఖీ చేసే వాళ్లలా తలాడించి, "పగులు లేదు, లైనుకి పంపొచ్చు" అన్నాడు. రెండోసారి అమ్మ రెండు అరటిపళ్లు, ఇంకో గుడ్డు, చిటికెడు వంటసోడా ఎక్కువ వేసింది. పైన మాడి, లోపల జావ. మూడోది చూడ్డానికి బాగానే ఉంది గాని, గిన్నెలోంచి తిరగెయ్యగానే పొడిపొడిగా రాలిపోయింది. ఇసకలో కేకు పడిందో కేకులో ఇసక పడిందో చెప్పలేకపోయాం. చెల్లి ఆ పొడిని చెంచాతో తిని, బాగుందని అబద్ధమాడింది.

ఆ రోజుల్లో మా ఇల్లు తలుచుకుంటే ముందు గుర్తొచ్చేది ఆ సాయంత్రాలే. బొగ్గు పొగ, డాల్డా వాసన, యార్డులోంచి ఇంజను కూత, పొయ్యి చుట్టూ మేం నలుగురం. పిల్లకి అంత జబ్బు పెట్టుకుని కూడా మేం అంత నవ్వుకున్నాం. ఇప్పుడు అనుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది, కొంచెం సిగ్గుగానూ ఉంటుంది.

మేమాంటీ వచ్చి గిన్నెలో పొడి చూసి, "చావల్ పకడ్‌తా నహీ, దాలమ్మా" అంది. బియ్యప్పిండికి పట్టు లేదని. ఆ మాట అమ్మకి నేను చెప్పనక్కర్లేకుండానే అర్థమైంది. రెండు రోజులు పట్టు, పట్టు అని గొణుక్కుంటూ తిరిగింది. మూడో రోజు అంట్లు తోముతూ తోముతూ ఆగిపోయింది.

"నూక ఏసి సూత్తాను. నూకకి పట్టుంటాది. ఉప్మా గిన్ని తోమినోలకి తెలుత్తాది ఆ పట్టు."

మా వైపు ఉప్మా రవ్వని నూక అంటారు. బియ్యం విరిగితే వచ్చేదీ నూకే, ఉప్మాలో వేసేదీ నూకే. గోధుమంటే ఎర్రగా ఉంటుంది, ఇది తెల్లగా ఉంది. ఇది దేంట్లోంచి వస్తుందని అమ్మ ఎప్పుడూ ఆలోచించలేదు. పన్నెండేళ్ల దాన్ని, నేనూ ఆలోచించలేదు. అమ్మ సంచీ ఇస్తే వెళ్లి అర కిలో తెచ్చాను.

కొత్త సంవత్సరం మొదటి ఆదివారం ఆ కేకు పొంగింది. మూత తీసేసరికి గిన్నె అంచు దాటి, పైన బంగారు రంగు తిరిగి ఉంది. కోస్తే ముక్క ముక్కలాగే నిలబడింది. వాసనకి లైనంతా మా వాకిట్లోకి వచ్చారు. మేమాంటీ ఒక ముక్క తిని కళ్లు పెద్దవి చేసింది.

"మైదా నహీ డాలా? సచ్?"

"నహీ. చావల్. ఔర్ నూక" అంది అమ్మ.

"నూకా క్యా హై?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ జవాబిచ్చేసింది. "చావల్ కా భాయ్."

బియ్యానికి తమ్ముడట. మేమాంటీ పడీ పడీ నవ్వింది. అందరం నవ్వాం. ఆ నవ్వులో నేను చెప్పవలసిన మాట ఏమిటో నేనే మరిచిపోయాను. ఆ రోజు అమ్మని చూసి నాకు గర్వంగా అనిపించింది. డాక్టరుతో మాట్లాడింది, మేమాంటీ ఓడిపోయిన చోట గెలిచింది. నా అవసరం ఇక లేదేమోనని లోపల చిన్న అసూయ కూడా కలిగింది.

అప్పటి నుంచి ప్రతి ఆదివారం కేకు. పొద్దున ఒక ముక్క, సాయంత్రం ఒక ముక్క. రెండు వారాలు పిల్ల మొహం వెలిగిపోయింది, అది ఆనందమో ఆరోగ్యమో మాకు తెలియలేదు. మూడో వారం మళ్లీ విరేచనాలు పట్టుకున్నాయి. చలి చేసిందంది అమ్మ. నలుగురి కళ్లూ పడ్డాయని ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. చెల్లి పాదాలు నీరు పట్టాయి. వేలితో నొక్కితే గుంట అలాగే ఉండిపోయేది. డాక్టరు ఆరు వారాలకి రమ్మన్నాడు, ఇంకా రెండు వారాలుంది. అన్నం ముద్ద పెడితే మొహం తిప్పేసేది. కేకు మాత్రం తినేది.

"ఇదొక్కటే తింటన్నాది. ఇది కూడా లేకపోతే ఏటి తిని బతుకుతాది?" అని అమ్మ బుధవారం కూడా చెయ్యడం మొదలుపెట్టింది. అమ్మ చేతులు ఖాళీ లేకపోతే నేను తినిపించేదాన్ని. ముక్కని చిన్నగా తుంపి, నీళ్లు తాగించి, తునక తునకా మింగే దాకా కూర్చునేదాన్ని. ఎంత శ్రద్ధగా తినిపించానో ఇప్పటికీ గుర్తుంది.

జనవరి నెలాఖరున అమ్మకి పిన్ని వరస అయ్యే సింహాచలమ్మ మమ్మల్ని చూడ్డానికి వచ్చింది. కొడుకు ఊళ్లోనే మాంగో అనే పేటలో ఉంటే ఊరి నుంచి కొత్తగా వచ్చిన ముసలామె. హిందీ ఒక్క ముక్క రాదు. చెల్లిని ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఒళ్లంతా తడిమి చూసింది.

"గుంట అలగ సిక్కిపోనాదేటే దాలీ? డాక్టరికి సూపెట్టినావా లేదా?"

అమ్మకి ఆ మాట గుచ్చుకుంది. "సూపెట్టకేటి పిన్నీ. నానే తీసికెల్లినాను. నానే మాటాడినాను. ఆయన ఏటన్నాడో అచ్చరం పొల్లు పోకుండా సెప్పమంటావా?" అని లేచి నిలబడి, కళ్లజోడు సర్దుకుంటున్నట్టు చెయ్యి పెట్టి, బెంగాలీ డాక్టరులా వేలెత్తి అంది.

"ఆటా బొంద్. మొయిదా బొంద్. సూజీ బొంద్."

ముసలామె ఆ హిందీకి ముచ్చటపడిపోయింది. "అన్నీ బందే సేసినాను పిన్నీ" అంటోంది అమ్మ. "ఏ ఒక్కటీ ఇంట్లోకి రానియ్యలేదు."

నా ఎడమచేతిలో ప్లేటు, కుడిచేతిలో కేకు ముక్క. చెల్లి నోరు తెరిచి ఉంది.

దుకాణానికి వెళ్లేది నేను. అమ్మ నాతో నూక అనేది. నేను మార్వాడీతో సూజీ అనేదాన్ని. సంచీలో పడ్డది ఇంటికొచ్చేసరికి మళ్లీ నూక అయిపోయేది. ఇన్నేళ్లలో ఆ రెండు మాటలూ మా ఇంట్లో ఒకదానికొకటి ఎప్పుడూ ఎదురుపడలేదు.

"దీదీ, దో నా" అంది చెల్లి.

"ఇసక పడింది ఇందులో. తినకు" అన్నాను. ప్లేటు తీసి అటక మీద పెట్టాను. అది అప్పుడు ఏడ్చింది. కేకు కోసం మా చెల్లి ఏడవడం అదే మొదలు.

ముసలామెని రిక్షా ఎక్కించి వచ్చాక అమ్మ పొయ్యి రాజేస్తోంది. బుధవారం అది. డేకిసాలో ఇసక అప్పుడే వేడెక్కుతోంది. నేను పక్కన చతికిలబడ్డాను.

"అమ్మా, డాక్టరు సూయీ అన్నాడా, సూజీ అన్నాడా?"

"సూజీ. మనకి సూది, ఈలకి సూయి, ఆ బెంగాలీ బాబు నోట్లో సూజీ. అయితే ఏటి?"

"సూజీ అంటే సూది కాదమ్మా."

"మరేటి?"

"నూక."

విసనకర్ర ఆగింది. అమ్మ నా వైపు తిరగలేదు. "దుకానంలో నువ్వు ఏటని అడుగుతావు?" అంది.

"ఆధా కిలో సూజీ దో అని."

అమ్మ లేచి, డేకిసాని గుడ్డతో పట్టుకుని వాకిట్లోకి తీసుకెళ్లి ఇసక పారబోసింది. తడి నేల మీద పడి పొగలు వచ్చాయి. గిన్నె తోమింది. తోమిన గిన్నెనే మళ్లీ తోమింది. నాన్న డ్యూటీ నుంచి రాగానే ఆయన చేతులు కడుక్కోక ముందే తనే చెప్పింది.

"పిల్లకి ఇన్నాల్లూ నానే ఎట్టినాను. నూక కూడా గోదుమేనంట."

నాన్న చెల్లి పక్కన కూర్చుని దాని పాదం వేలితో నొక్కి చూశాడు. తర్వాత, "రేపు సెలవెట్టి వత్తాను" అన్నాడు.

"అక్కర్లేదు. నాను ఎల్తాను. పైడి వత్తాది."

రాత్రంతా నేను ఒక అబద్ధం తయారుచేసుకున్నాను. పక్కవాళ్ల పిల్లలు బిస్కెట్లు పెట్టారని చెబుదామని. డాక్టరు చెల్లిని త్రాసు మీద నిలబెట్టి, కాగితం చూసి, మళ్లీ త్రాసు చూశాడు. కోపంతో ఆయన మెడ ఎర్రబడింది.

"క్యా ఖిలాయా ఇస్కో?" దీనికి ఏం తినిపించారని.

నేను నోరు తెరిచాను. అమ్మ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"హమ్ ఖిలాయా" అంది. "సూజీ. హమ్ ఖిలాయా. ఆప్ బోలా సూజీ, హమ్ సమ్‌ఝా సూయీ." చేత్తో జబ్బ మీద ఇంజెక్షను పొడిచినట్టు చూపించింది.

డాక్టరుకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. ఇంజెక్షన్ల కోర్సు ఆ రోజుతోనే అయిపోయిందని, అందుకే ఎవరూ మిమ్మల్ని పిలవలేదని నెమ్మదిగా నాతో చెప్పాడు. మీ అమ్మ తప్పు కాదు, వస్తువు చూపించి చెప్పవలసింది నేను అన్నాడు.

"ఏటంటన్నాడు?" అంది అమ్మ.

"నీ తప్పు కాదంటన్నాడు."

"అది కాదు నాకు కావలసింది. పిల్ల బతుకుతాదా అని అడుగు."

అడిగాను. ఈ రోజు నుంచి ఒక్క గింజ కూడా లోపలికి వెళ్లకపోతే బతుకుతుంది, ఆరు వారాల తర్వాత చెబుతాను అన్నాడు. అప్పుడు అమ్మ కుర్చీ ముందుకు జరుపుకుని, తినకూడనివి ఒక్కొక్కటే చెప్పమంది. ఆయన ఒక మాట అనడం, అమ్మ నా వైపు తిరిగి "అంటే ఏటి?" అనడం, నేను తెలుగులో చెప్పడం, ఆవిడ ఒక వేలు ముడవడం. ఆటా. మైదా. సూజీ. దలియా, అంటే గోధుమ రవ్వ. సేవయీ, అంటే సేమియా. బయట క్యూలో జనం సణుగుతున్నా డాక్టరు తొందరపెట్టలేదు.

ఆ ఆరు వారాలూ మా అమ్మకి ఏ మాట మీదా నమ్మకం లేకుండా పోయింది. కూరలవాడు గోభీ అంటే "గోబీ అంటే ఏటే?" అనేది. పాలవాడు కల్ వస్తానంటే "కల్ అంటే రేపేనా, నిన్నా?" అనేది. కుళాయి దగ్గర ఆడవాళ్లు నవ్వేవాళ్లు. ఒకప్పుడైతే ఆ నవ్వుకి బిందె విసిరేది మా అమ్మ. ఇప్పుడు వాళ్లు నవ్వడం అయ్యే దాకా ఆగి, మళ్లీ అడిగేది. నాకు తల కొట్టేసినట్టుండేది మొదట్లో. తర్వాత్తర్వాత ఆవిడ అడగకముందే చెప్పడం అలవాటైంది. కేకు ఊసు మళ్లీ ఎవరూ ఎత్తలేదు. చెల్లి గంజన్నం తింది, తోటకూర తింది, అలిగి తింది, తిట్టి తింది.

హోలీ వెళ్లిన వారానికి మళ్లీ వెళ్లాం. చెల్లిని పట్టుకోవడానికి కంపౌండరు గది చుట్టూ రెండుసార్లు పరిగెత్తాడు. పట్టుకుంటే చెయ్యి కొరికింది. అంత జోరు దానిలో మేమెప్పుడూ చూడలేదు. డాక్టరు త్రాసు మీద గుండు ముందుకి జరిపాడు. ఇంకొంచెం జరిపాడు. చెల్లి పొట్ట నొక్కి, పాదాలు నొక్కి, కింది రెప్ప లాగి చూశాడు. కళ్లజోడు సర్దుకుని అమ్మ వైపు తిరిగాడు.

"అబ్ ఠీక్ హై" అన్నాడు.

టాటానగర్ స్టేషన్లో దిగిన పూటే ఎవరికైనా వచ్చేసే మాట అది. మా అమ్మ రోజుకి యాభైసార్లు అనే మాట. ఆవిడ చెయ్యి చాపి నా మణికట్టు పట్టుకుంది.

"పైడీ, టీక్ అంటే ఏటి?"

నేను నవ్వలేదు. "బాగున్నాదని, అమ్మా. చెల్లి బాగున్నాదంటన్నాడు."

"మల్లీ సెప్పు" అంది.

మళ్లీ చెప్పాను. ఆవిడ అడిగినన్నిసార్లూ చెప్పాను.